నాలుక ఉపవాసం

డాక్టర్ల తెల్లకోట్లు అరవై రెండూ మూడో నంబరు మిషన్లోంచి గులాబీ రంగులో బయటపడిన బుధవారం నాటికి, మైకు గట్టిగా మాట్లాడి ముప్పై ఆరు రోజులైంది.

మైకు అంటే మనిషే. ఆసుపత్రి లాండ్రీలో ఏడు మిషన్లు ఒకేసారి తిరుగుతున్నా ఆమె మాట ఈ చివర నుంచి ఆ చివరికి కరెంటు ఖర్చు లేకుండా వెళ్ళేది. అందుకే ఆ పేరు. ఆ మాటతోపాటు ఒక ఎత్తిపొడుపో ఒక జోకో ఉచితం. అలాంటి మనిషి తను వెళ్ళే చర్చి సంఘంలో నాలుక ఉపవాసం పట్టింది. నలభై రోజులు గట్టిగా అరవకూడదు, ఎగతాళి చెయ్యకూడదు, ఎదురు చెప్పకూడదు. అవసరమైన మాట అవసరమైనంత మెల్లగా. పరిశుద్ధతలో ఎదుగుదలకి ఇది మొదటి మెట్టని సంఘపెద్దలు అట్టకార్డులు అచ్చేసి పంచారు. కార్డులో నలభై గళ్ళు. నెగ్గిన రోజున సాయంత్రం టిక్కు పెట్టుకోవాలి. నలభై టిక్కులూ పడితే ఆదివారంనాడు మైకుకి పాటల బృందంలో చోటు. తొమ్మిదేళ్ళుగా అడుగుతున్న చోటు. “గొంతు బాగుంది చెల్లెమ్మా, నోరే బాగాలేదు” అని తొమ్మిదేళ్ళుగా వస్తున్న జవాబు.

మిషను తలుపు తీసింది పొడుగు వదిన. తీసి, మూసింది. మూసి, మళ్ళీ తీసింది. రెండోసారి తీసినా రంగు మారలేదు.

“వదినా, ఇటు రా. నా కళ్ళకేమన్నా అయిందా?”

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. దుప్పట్లు జంటగా మడవగా మడవగా వదినా వదినా అయిపోయారు. మైకు వచ్చి ఒక కోటుని కాలరు పట్టి పైకి లాగింది. పిండితే గులాబీ నీళ్ళు కారాయి. ఆమె నాలుక మీదకి మాటలు బారులు తీరాయి: ఇవి కోట్లు కావు వదినా, కోటి సిగ్గులు! ఎవరేమన్నారో పాపం, అరవై రెండూ ఒకేసారి సిగ్గుపడ్డాయి! ఒక్కొక్కటీ తోసుకుంటూ పెదవుల దాకా వచ్చింది. ఒక్కొక్కదాన్నీ మాత్ర మింగినట్టు మింగింది.

“రంగు అంటింది వదినా,” అంది మెల్లగా.

“అది గుడ్డివాడికీ కనపడుతోంది!”

పెద్దన్న పరుగున వచ్చాడు. లాండ్రీలో ఆయన సూపర్‌వైజరు, సంఘంలో పెద్ద. రెండు చోట్లా అందరికీ పెద్దన్నే. చొక్కా మడత నలగనివాడు, మాట మడత పడనివాడు అని పేరు. ఆయన డ్రమ్ములోకి ఒక్కసారి తొంగిచూసి వదినతో, “పో, మేనేజరమ్మని పిలు. తొందరగా,” అన్నాడు. వదిన పొడుగాటి కాళ్ళతో నాలుగు అంగల్లో గది దాటింది.

అప్పుడు ఆయన భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. తడి కోట్ల మధ్య తడిమి తడిమి ఎర్రటిదొకటి లాగాడు. పొడుగ్గా, చెయ్యి వెడల్పున, చివర జరీ కుచ్చుతో. ఇంకొకటి. ఇంకొకటి.

“చెల్లెమ్మా, ఆ సంచి పట్టుకో.”

మైకు సంచి పట్టుకుంది. పని చోట పట్టుకో అంటే పట్టుకోవడమే అలవాటు, చేతులు ఆలోచించవు. నాలుగోది పడేసరికి ఆమె చేతులకి తెలిసింది. అవి ఆదివారం పాటల బృందం భుజాల మీద వేసుకోబోయే ఎర్ర పట్టీలు. మొత్తం పన్నెండు. పన్నెండోది తనది. కొలత చూస్తామని మొన్నే భుజం మీద వేసి తీశారు.

పొద్దున వదిన బట్టల బండి కోసం వెళ్ళినప్పుడు, ఈయన మూడో మిషను దగ్గర వంగి ఉండటం మైకు చూసింది. తలుపు రబ్బరు సీలు చూస్తున్నాడనుకుంది.

“మంగళవారం ప్రార్థనలో నూనెతో అభిషేకించాం గదమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “కుర్రపాస్టరు ఉత్సాహంలో సీసా వంచేశాడు. అన్నిటిమీదా మరకలే. నూనె మరక వేడినీళ్ళకి తప్ప లొంగదు. అందులోనూ ప్రార్థన చేసిన గుడ్డ, రంగు వదులుతుందనుకోలేదు.”

ఇరవై రెండేళ్ళు లాండ్రీలో పనిచేసిన మనిషి! కొత్త ఎర్రగుడ్డని కళ్ళు మూసుకుని వాసన చూసి, ఇది రంగు వదిలే రకమని చెప్పగల మనిషి! ప్రార్థన చేస్తే మనుషుల రంగే అంత సులువుగా మారదు, గుడ్డ రంగు నిలబడుతుందా? ఇంత పొడుగు మాట మైకు గొంతులో గిరగిరా తిరిగి, తిరిగినచోటే ఆగిపోయింది. సంచి ఆయన గదిలోకి వెళ్ళింది.

మేనేజరమ్మ వచ్చింది. కోట్లు చూసింది. నవ్వాలో అరవాలో తెలియక కళ్ళజోడు తుడుచుకుంది.

“ఈ మిషను ఎవరు నింపారు?”

“పొడుగామె,” అన్నాడు పెద్దన్న. “రోగుల ఎర్ర కంబళి ఏదో కలిపేసినట్టుంది మేడమ్. చూసుకోలేదు.”

“కంబళా? నేనా?” వదిన గొంతు చీలింది. “అరవై రెండు కోట్లు లెక్కపెట్టి, జేబులు తడిమి, ఒక్కొక్కటీ నా చేత్తో వేశాను. వదినా, చెప్పు! నువ్వూ నేనూ కలిసేగా లెక్కపెట్టాం! నువ్వు పక్కనే ఉన్నావుగా!”

మైకు నోరు తెరిచింది. మేనేజరమ్మ వెనక నుంచి పెద్దన్న చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, చిన్నపిల్లని బుజ్జగించినట్టు నవ్వాడు. ముప్పై ఆరో రోజని ఆ వేలు గుర్తుచేసింది.

మైకు నోరు మూసుకుంది.

“శనివారం పదకొండింటికి విచారణ,” అంది మేనేజరమ్మ. “అప్పటిదాకా ఈమెని మురికి గదిలో వెయ్యండి. రుజువైతే మాత్రం ఇక రానక్కర్లేదు.”

వదిన మైకు వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

*

ఇంట్లో అత్త మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తోంది. ఆమెకి చెవులు సగం పైన పోయాయి. మిగిలిన సగానికీ పనికొచ్చే గొంతు ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది. ఆ ఒక్కటీ నెలపైగా ఉపవాసంలో ఉంది.

“అత్తయ్యా, మందు వేసుకున్నారా?” అంది మైకు మెల్లగా.

“ఆ, వాన వచ్చేట్టే ఉంది,” అంది అత్త.

“మందు…”

“వద్దులే. నువ్వు పరిశుద్ధురాలివి అయ్యాక నాకు ఈ ఇంట్లో ఎవరూ లేనట్టుందే అమ్మాయ్. మునుపు నువ్వు తిట్టినా వినపడేది. ఇప్పుడు నువ్వు దీవించినా తెలియదు.”

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. కాళ్ళు కడుక్కుని వచ్చి, “హారన్ పీకేసిన బస్సులో తిరుగుతున్నట్టుంది నా సంసారం,” అన్నాడు. “ఎప్పుడు ఏది అడ్డమొస్తుందో తెలియట్లేదు. ఇంకెన్నాళ్ళు?”

మైకు నాలుగు వేళ్ళు చూపించింది.

కార్డు గోడకి మేకుకి వేలాడుతోంది. ముప్పై ఐదు టిక్కులు ఒకే వాలుగా, వరుసలో నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ముప్పై ఆరో గడి దగ్గర పెన్ను రాయనంది. విదిల్చింది, ఊదింది, అరచేతి మీద గీసి చూసింది. చేతి మీద బాగానే రాసింది. మళ్ళీ కార్డు మీద పెట్టి నొక్కి ఒక టిక్కు పెట్టింది. రూల్సు ప్రకారం ఆ రోజు ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. అదే కదా కావలసింది!

మొగుడు టిక్కుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. “ఏమైంది?” అన్నాడు. ఆమె పెన్ను మూత పెట్టడానికి చాలాసేపు తీసుకుంది.

*

దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో రెండు మూలలు పట్టుకుని గాలికి ఒక్కసారి విదిలించాలి. మూల మీద మూల చేర్చి, ఎదురెదురుగా నడిచి, వేళ్ళకి వేళ్ళు తగిలేదాకా వచ్చి, ఒకరి మూలలు ఇంకొకరికి అప్పగించి, వంగి కింది అంచు అందుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. పొడుగు వదినకీ పొట్టి మైకుకీ మధ్య దుప్పటి ఎప్పుడూ ఏటవాలుగానే ఉండేది. “మనమధ్య జారుడుబండ పెట్టొచ్చు” అనేది మైకు రోజుకి నాలుగుసార్లు. రోజుకి నాలుగుసార్లూ వదిన కొత్తగా విన్నట్టు నవ్వేది.

గురువారం మైకు ఒక్కతే. గోడకున్న రెండు కొక్కేలకి రెండు మూలలు తగిలించి మడిచింది. కొక్కెం ఎదురు నడవదు. ప్రతిసారీ తనే గోడదాకా వెళ్ళాలి, తనే రావాలి. మధ్యాహ్నానికి సగం పని కూడా కాలేదు. మడతలన్నీ వంకరలే.

పెద్దన్న గది తలుపు తట్టింది.

“అన్నా, శనివారం లోపల నువ్వే చెప్పెయ్.”

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. చెడ్డవాడి మొహం ఆయనది కాదు. మైకు అత్త జబ్బుపడ్డ వారం రోజులూ డ్యూటీలు సర్దింది ఈయనే. అదే కష్టం.

“చెప్తే ఏమవుతుందో తెలుసా చెల్లెమ్మా? నా పేరు పోతే పోనీ. సంఘం పేరు? ‘పరిశుద్ధత వారాలు చేసుకునేవాళ్ళు ఆసుపత్రి మిషన్లో దొంగచాటుగా గుడ్డలు ఉతుక్కున్నారట’ అని ఊరంతా నవ్వదా? ఆమె ఏముంది, అన్యురాలు, మన సంఘం మనిషి కాదు. నోరు తెరిస్తే బూతు. ఈ పని కాకపోతే ఇంకోటి చూసుకుంటుంది.”

“ఇద్దరు పిల్లలన్నా ఆమెకి.”

“ప్రార్థన చేద్దాం,” అన్నాడు. “చూడు, ముప్పై ఆరు రోజులు ఒక్క మాట జారకుండా వచ్చావు. సంఘంలో ఎవరూ నమ్మలేదు, నేను నమ్మాను. ఇది నీకు పరీక్ష. నాలుగు రోజులు ఓర్చుకుంటే నాలుక నీ చేతిలో ఉన్నట్టే.”

నాలుగు, నాలుక. మామూలు రోజుల్లో అయితే ఆ రెండు ముక్కలతో మైకు వారం రోజులు బతికేది. ఇవాళ నవ్వు రాలేదు. బయటికొచ్చి మురికి గది వైపు నడిచింది.

మురికి గదిలో కిటికీ ఉంది, గాలి లేదు. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి రక్తం వేరే, చీము వేరే, ఉత్త చెమట వేరే వేరుచెయ్యాలి. వదిన మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒక దుప్పటి మడతల్లోంచి సూది ఏరి డబ్బాలో పడేస్తోంది.

“వదినా,” అంది మైకు గుమ్మంలోంచి.

“దగ్గరికి రాకు, అంటుకుంటుంది,” అంది వదిన తలెత్తకుండా. “మీకసలే శుభ్రం ఎక్కువ.”

మైకు కదల్లేదు. వదిన ఇంకో మూట ముడి విప్పింది.

“నేనొకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. కోపం తెచ్చుకున్నా నువ్వు అరవలేవులే, నాకు అదొక సుఖం. మా ఇంట్లో మాట్లాడనివాణ్ణి మూగాడంటారు. మీ గుళ్ళో పరిశుద్ధుడంటారా?”

“నేను చూశాను వదినా.”

వదిన చేతులు ఆగాయి. “ఏం చూశావు?”

మైకు చెప్పింది. మెల్లగానే. ఎర్ర పట్టీలు, నూనె, సంచి. ఆ సంచి పట్టుకున్నది తనేనని కూడా. విన్నంతసేపూ వదిన రబ్బరు తొడుగులోంచి నీళ్ళు నేలమీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

“నాకెందుకు చెప్తున్నావు?” అంది చివరికి. “నాకు నేను చెయ్యలేదని ముందే తెలుసు. తెలియనివాళ్ళు పై అంతస్తులో ఉన్నారు.”

*

శుక్రవారం సాయంత్రం మందిరంలో పెద్ద పాస్టరు అయ్యగారు కుర్చీ ఎక్కి సౌండుబాక్సు వైరు సరిచేస్తున్నారు. ఆదివారానికి అన్నీ సిద్ధం కావాలి. “హలో, హలో, చెక్,” అంటూ చేతిలో మైకు తట్టి, గుమ్మంలో నిలబడ్డ మైకుని చూసి, “రామ్మా, రా. రేపటి తర్వాత నువ్వు పాటల బృందంలో మనిషివి,” అన్నారు. మంచివారు. ఎవరినీ నొప్పించరు. ఎవరినీ నొప్పించకపోవడంలో పడి, ఎవరికి నొప్పిగా ఉందో చూడటం మర్చిపోతుంటారు.

“అయ్యగారూ, ఎదుగుదల అంటే ఏమిటి?”

“రోజుకి కొంచెం ప్రభువు పోలికలోకి మారడమమ్మా.”

“ప్రభువు నోరు మూసుకుని ఉన్నాడా?”

“ఉన్నాడమ్మా! తన మీద నిందలు వేస్తుంటే ఒక్క మాట మాట్లాడలేదు. గొప్ప మాదిరి.”

“తన మీద వేస్తుంటే,” అంది మైకు. “పక్కవాళ్ళ మీద వేస్తుంటేనో?”

సౌండుబాక్సు కుయ్యిమని కూత పెట్టింది. అయ్యగారు కంగారుగా మీట తగ్గించారు. 

“పెద్దన్న నాతో కొంత చెప్పారమ్మా,” అన్నారు. “ఆదివారం కానీ. తర్వాత నెమ్మదిగా అన్నీ సర్దుకోవచ్చు.”

“విచారణ శనివారం అయ్యగారూ. ఆదివారానికి ఆమెకి పని ఉండదు.”

ఆయన కుర్చీ దిగలేదు. ఎక్కినవాళ్ళకి దిగడం అంత తేలిక కాదు.

“మాకు లాండ్రీలో ఒక సంగతి తెలుసు,” అంది మైకు. “చొక్కా బిగుతైందని ఎవరన్నా తెచ్చి గోల చేస్తే రెండే కారణాలు చూస్తాం. ఉతుకులో గుడ్డయినా ముడుచుకుని ఉండాలి, ఒంట్లో మనిషయినా ఎదిగి ఉండాలి. ఈ కార్డు నాకు బుధవారం నుంచీ చంకల్లో పట్టేస్తోంది అయ్యగారూ. గుడ్డ ముడుచుకుందా, నేను ఎదిగానా, మీరే చెప్పండి.”

ఆయన మళ్ళీ వైరు పట్టుకున్నారు. మైకు ఇంటికి వెళ్ళి కార్డు మేకు మీంచి తీసింది. ముప్పై ఆరో గడిలో టిక్కు మీద అడ్డంగా ఇంకో గీత గీసింది. ఇంటూ గుర్తు. ఈసారి పెన్ను రాయనని పేచీ పెట్టలేదు.

*

శనివారం విచారణ మేనేజరమ్మ గదిలో జరగాల్సింది. మిషను చూడాలని ఆమె కిందికే వచ్చింది. ఏడు మిషన్లూ తిరుగుతున్నాయి. రోలర్ ఇస్త్రీ ఆవిరి కక్కుతోంది. పెద్దన్న చేతిలో వదిన తప్పు రాసిన కాగితం ఉంది. కాగితానికి గొంతు అక్కర్లేదు, చూపిస్తే చాలు. వదిన చెప్పేది మాత్రం ఎవరికీ వినపడటం లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి. మేనేజరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమిటి? ఏమిటి?” అంటోంది. మూడోసారి ఏమిటనేసరికి విసుగొచ్చి కాగితం మీద సంతకం కోసం పెన్ను తీసింది.

“ఆగండీ!”

ముప్పై తొమ్మిది రోజులు విశ్రాంతి తీసుకున్న గొంతు అది. రోలర్ దగ్గర మనిషి ఇస్త్రీ ఆపేశాడు. అవతలి చివర ఆరబెడుతున్నవాళ్ళు తలలు తిప్పారు. ఎవరో ఒక మిషను ఆపారు, దాన్ని చూసి ఇంకొకరు. డ్రమ్ములు ఒక్కొక్కటే మూలుగుతూ ఆగిపోయాయి.

“ఆ మిషన్లో కంబళి లేదు మేడమ్. మా సంఘం పాటల పట్టీలు పన్నెండు ఉన్నాయి, ఎర్రవి. పెద్దన్న వేశాడు. మీరు రాకముందు తీశాడు. తీసినవాటికి సంచి పట్టింది నేను.”

“ఈమెకీ ఆమెకీ స్నేహం మేడమ్,” అన్నాడు పెద్దన్న. “అందుకని…”

“స్నేహం కాబట్టి అబద్ధం ఆడాలంటే బుధవారమే ఆడేదాన్నిగా అన్నా! స్నేహం ఉండి కూడా నిజం మింగాను. నాక్కూడా ఒక కాగితం రాయండి మేడమ్, తీసుకుంటాను. మా మాట నమ్మొద్దు. మిషను అడుగున నీళ్ళు పోయే దారిలో జాలీ ఉంటుంది, శనివారం మధ్యాహ్నం కడుగుతాం. ఇంకా కడగలేదు. తీయించండి.”

పెద్దన్న కళ్ళు మిషను అడుగుకి వెళ్ళాయి. డ్రమ్మంతా తడిమిన మనిషి జాలీ సంగతి మరిచిపోయాడు.

వదినే మోకాళ్ళ మీద కూర్చుని మర విప్పింది. జాలీ నిండా నానిన తెల్ల నూగు. దాన్ని చెంచాతో తీసినట్టు వేళ్ళతో తీసి, నేలమీద పరిచింది. నూగు మధ్యలో ఎర్ర పోగులు. ఎర్ర పోగుల మధ్యలో, దీపం కింద తళుక్కున, అరంగుళం జరీ.

మేనేజరమ్మ వంగి చూసింది. “మన కంబళ్ళకి జరీ ఎప్పట్నించి?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దన్న కాగితం నాలుగు మడతలు పెట్టాడు. చాలా నీటుగా, అంచుకి అంచు కలిపి. ఆ అలవాటు చేతులదే. తర్వాత మైకు పక్కనుంచి వెళ్తూ, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు:

“ఒక్క రోజు మిగిలుండగా పోగొట్టుకున్నావు చెల్లెమ్మా.”

“పోయింది ఇవాళ కాదన్నా,” అంది మైకు, అందరికీ వినపడేలా. “బుధవారమే పోయింది. ఇవాళ వెతుక్కున్నాను.”

వదిన ఉద్యోగం నిలిచింది. పెద్దన్నకొక మెమో, మైకుకొక మెమో. మైకు దాన్ని చదివి, “నా మెమో నాకు మేమే ఇచ్చుకున్నట్టుంది,” అంది. అది ముప్పై తొమ్మిది రోజుల తర్వాత మొదటి జోకు. అంత గొప్పదేమీ కాదు. వదిన దానికి కళ్ళ నీళ్ళు పెట్టుకునేదాకా నవ్వింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అయ్యగారు ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నారు.

“పెద్దలు కూర్చున్నారమ్మా. సహోదరుణ్ణి అన్యుల ముందుకి ఈడ్చావని… మూడు నెలలు నీకు ప్రభువు బల్లలో పాలు లేదన్నారు. ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం నీకు ఇవ్వరు. పాటల సంగతి ఎలాగూ…”

“నేను అబద్ధమాడానా అయ్యగారూ?”

“లేదమ్మా.”

“బూతులు తిట్టానా?”

“లేదమ్మా.”

“మరి?”

అయ్యగారు చేతిరుమాలు మడిచి విప్పారు. “గట్టిగా చెప్పావటమ్మా.”

మైకు మొగుడు గ్లాసు కింద పెట్టి, “హారన్ కొట్టినందుకు ఫైనా! గుద్దినవాడికి లేదా?” అన్నాడు. అయ్యగారు తలదించుకునే లేచి వెళ్ళారు. మంచం మీంచి అత్త, “ఏమంటున్నాడే ఆయన?” అంది.

“నన్ను మూడు నెలలు వెలేశారత్తయ్యా!” అంది మైకు, గొంతు తగ్గించకుండా.

అత్త మొహం వెలిగింది. “వినపడిందే అమ్మాయ్!” అంది. విన్నదేమిటో తర్వాత అర్థమై, “వాళ్ళ మొహం! రేపు ఏం చేస్తావు?” అంది.

“వెళ్తాను.”

*

ఆదివారం మందిరం నిండింది. పాటల బృందం పట్టీలు లేకుండానే వరుసలో నిలబడింది, పదకొండుమంది. నలభై రోజులు నెగ్గినవాళ్ళ పేర్లు చదివారు, చప్పట్లు కొట్టారు. మైకు కూడా కొట్టింది. పాట ఎత్తుకున్నప్పుడు మూడో బెంచీలోంచి ఆమె కూడా ఎత్తుకుంది. పాడొద్దని ఎవరూ తీర్మానం చెయ్యలేదు కదా! రెండో చరణానికి బృందంలో వాళ్ళు ఆమె తాళంలో పాడుతున్నారు. మూడో చరణానికి కరెంటు పోయింది. పాట పోలేదు.

తర్వాత ప్రభువు బల్ల. ముందు పెద్దన్న రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు, పక్కన అయ్యగారు ద్రాక్షరసం గిన్నెతో. జనం ఒకరి వెనక ఒకరు కదిలారు. మైకు లేచి వరుసలో నిలబడింది. ముందున్న ఐదుగురు తీసుకుని పక్కకి వెళ్ళారు. ఆరోది ఆమె.

పెద్దన్న పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పేశాడు.

మైకు అరచెయ్యి చాచింది. వేళ్ళ సందుల్లో సబ్బునీళ్ళు తిన్న పగుళ్ళు.

“వెళ్ళు చెల్లెమ్మా,” అన్నాడు పెదవులు కదపకుండా. “మూడు నెలలు.”

మందిరంలో అందరూ మెడలు చాచారు. ఇప్పుడు అరుస్తుంది చూడు అనుకున్నారు. నిన్న మిషన్లాపిన గొంతు సంగతి అప్పటికే అందరికీ చేరింది. మైకు ఏమీ అనలేదు. ఒక్క ముక్క కూడా. చాచిన చెయ్యి చాచినట్టే పెట్టి, పళ్ళేన్ని కాదు, ఆయన్ని చూస్తూ నిలబడింది.

“మీరు రండమ్మా,” అన్నాడాయన ఆమె వెనకున్న మనిషితో. వెనక ఉన్నది పట్టీలు కుట్టిన దర్జీ అక్క. అక్క కదల్లేదు. “మీరు రండి,” అన్నాడు ఆమె వెనకాయనతో. ఆయన తన చెప్పుల వైపు చూసుకుని, ఉన్నచోటే ఉన్నాడు. వరుస గుమ్మందాకా ఆగిపోయింది. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడిచి, తల్లి ఊరుకోబెట్టకుండానే ఊరుకుంది. 

అయ్యగారు గిన్నె బల్ల మీద పెట్టారు. రెండు అడుగులు వేశారు. ఆ రెండు అడుగులకి ఆయన ఎంత సేపు తీసుకున్నారంటే, మధ్యలో ఆగిపోతారేమోనని మొదటి బెంచీవాళ్ళు ముందుకి వంగారు. ఆగలేదు. పళ్ళేనికి అటువైపు అంచు పట్టుకున్నారు. పెద్దన్న ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. అయ్యగారు గుడ్డ తీసి, పళ్ళెం మైకు ముందుకి చాపారు. 

మైకు ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. రెండుగా విరిచింది. సగం తన ఎడమచేతిలో ఉంచుకుని, సగం పెద్దన్న వైపు చాచింది.

ఆయన చేతులు వెనక్కి వెళ్ళాయి.

“తీసుకో అన్నా,” అంది మైకు. అంత మెల్లగా మాట్లాడటం ఆ నలభై రోజుల్లో కూడా ఎవరూ వినలేదు. అయినా ఆ నిశ్శబ్దంలో చివరి బెంచీ దాకా వినపడింది. “నిజం చెప్పి తీసుకో.”

పెద్దన్న నోరు తెరిచాడు, మూశాడు. సంఘమంతా ఆ నోటి వంకే చూస్తోంది. మైకుకి మోచెయ్యి లాగడం మొదలైంది. ఇరవై కిలోల తడి దుప్పట్లు ఎత్తే చెయ్యి అది, అరముక్క రొట్టెకి అలవాటు పడాలంతే.

ఆమె చెయ్యి దించలేదు.